రెండు డ్రమ్ముల మీద కృపావరం

ముప్పై నాలుగేళ్ళు నేను ఆళ్ళగడ్డలో ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. కోర్టు ఆర్డర్లు ఇంగ్లీషులో వచ్చేవి. వాటిని కక్షిదారులకు తెలుగులో చదివి చెప్పడం నా పనుల్లో ఒకటి. కొన్ని వందల ఆర్డర్లు చదివి చెప్పాను. ఒక్క ఆర్డరుకు మాత్రం అందులో లేని మాటలు నావి కలిపి చెప్పాను. ఆ రోజు నా సైకిలు టైరు పోయింది. మధ్యాహ్నం రెండు దాటినా అన్నం తినలేదు. పైగా మా ప్లీడరు గారు ఎవరి మీదో కోపం నామీద తీర్చుకున్నారు. ఇవన్నీ నేను చెప్పుకునే సాకులు. జరిగింది మాత్రం ఏమంటే, నా మాటల వల్ల నంద్యాలలో ఒక ఆడమనిషిని ఐదేళ్ళపాటు ఎవరూ పేరు పెట్టి పిలవలేదు.

ఆమె పేరు కృపావరం. ఆ పేరు మీదే దావా నడిచింది. కాగితాలు జానెడు మందాన పేరుకున్నాయి. అంత కట్టలో ఆమె సంతకం ఒక్కచోట కూడా లేదు, ఎందుకంటే ఆమె వాది కాదు, ప్రతివాదీ కాదు. వాది ఆమె మొగుడు. ప్రతివాది ఆమె తమ్ముడు. తగువు బ్యాండు మేళం గురించి.

కృపావరం వాళ్ళ నాయన దేవసహాయం ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లెలో చర్చి ఉపదేశి. ఆదివారం కీర్తనలు చెప్పించేవాడు, మిగతా ఆరు రోజులూ కూలికి పోయేవాడు. కొత్త కీర్తన నేర్చుకుందామని నంద్యాల దాకా పోతే, తిరిగొచ్చేలోపల బస్సులోనే సగం మరిచిపోయేవాడు. పదేళ్ళ కూతుర్ని వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది తీరింది. ఆ పిల్ల ఒక్కసారి వింటే చాలు, పాట మొత్తం అప్పజెప్పేది. హార్మోనియం ఎక్కడ ఆగిందో, మధ్యలో ఎవరు దగ్గారో కూడా చెప్పేది. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అంతమాత్రానికే ఊళ్ళో ఆమెను చదువుకున్న పిల్ల అనేవాళ్ళు.

అరవై ఆరులో ఆమెను నంద్యాల సుందరరాజుకిచ్చి పెళ్ళి చేశారు. సుందరరాజు ఆరడుగుల మనిషి, అప్పటికే ఎవరిదో బ్యాండులో ట్రంపెట్ వాయించేవాడు. ఆయన ట్రంపెట్ ఊదితే నాలుగు వీధులకు వినిపించేది. మనిషి మాత్రం ప్రభుత్వం అంటే చచ్చేంత భయస్థుడు. ఖాకీ చొక్కా కనిపిస్తే, వేసుకున్నవాడు పోస్టుమాన్ అయినా సరే, లేచి నిలబడేవాడు. కరెంటు బిల్లును రెండు చేతులతో అందుకునేవాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. నేను ఆ రోజు గుర్తు పెట్టుకోలేదు.

కృపావరం తమ్ముడు మత్తయి అక్క వెనకే నంద్యాల వచ్చాడు. అక్క ఇంట్లోనే తిని, అక్క ఇంట్లోనే క్లారినెట్ నేర్చుకున్నాడు. సన్నగా, పొట్టిగా ఉంటాడు. ఒక మాట అన్నాడంటే దేవుడొచ్చి చెప్పినా వెనక్కి తీసుకోడు. బావా బామ్మర్దులు ఇద్దరూ కలిసి డెబ్బై ఒకటిలో సొంత బ్యాండు పెట్టారు. మొత్తం పదకొండు మంది. చర్చి వెనక వీధిలో సుందరరాజు ఇల్లే వాళ్ళ ఆఫీసు.

పెద్ద డ్రమ్ము తోలు మీద బ్యాండు పేరు రాయించాలి. ప్రభుదాసు అనే పెయింటరు రంగు కలుపుకుని కూర్చున్నాడు. సుందరరాజు బ్యాండు అని రాయమన్నాడు సుందరరాజు. మత్తయి ఒప్పుకోలేదు. పోనీ ఇద్దరి పేర్లూ రాద్దామంటే, ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర ఆగిపోయింది. గంట గడిచింది. ప్రభుదాసు రంగు ఆరిపోతోంది. అదే సమయానికి కృపావరం వాళ్ళకు సంగటి ముద్దలు తెచ్చింది. "నీ పేరేందమ్మా?" అని అడిగాడు ప్రభుదాసు. ఆమె చెప్పింది. అతను రాసేశాడు. అవతలివాడి పేరు కాదు కాబట్టి బావా బామ్మర్దులు ఇద్దరూ బాగుందన్నారు. నీ పేరు పెట్టుకోవచ్చా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ముద్దలు పెట్టి గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

అట్లా ఏడేళ్ళు కృపావరం బ్యాండు నంద్యాల చుట్టుపక్కల మోగింది. ఇప్పుడు వాళ్ళు పని చేసే పద్ధతి చెప్పాలి. ఆ పదకొండు మందిలో ఎవరికీ స్వరాలు చదవడం రాదు. ఇంట్లో రేడియో లేదు. పెళ్ళివాళ్ళకు మాత్రం కొత్త సినిమా పాట కావాలి, అదీ సినిమా వచ్చిన వారానికే. అందుకని కొత్త సినిమా పడగానే కృపావరాన్ని నేల టికెట్టుకు పంపేవాళ్ళు. ఆమె కథ చూసేది కాదు. కథ ఎవరైనా అడిగితే "ఏమో, కొట్టుకున్నారు" అనేది. పాటలన్నీ పట్టుకొచ్చి, మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర కూర్చుని నోటితో పాడేది. పల్లవి, చరణం, మధ్యలో వచ్చే వాయిద్యం ముక్కలూ అన్నీ. బయట అరుగు మీద పదకొండు మంది కూర్చుని ఆమె పాడేది విని వాయించుకునేవాళ్ళు. తప్పు వస్తే ఆమె గరిటెతో గిన్నె మీద కొట్టేది. మళ్ళీ మొదటి నుంచి.

డెబ్బై ఆరులో ఒక సినిమా వచ్చింది. అందులో ఒక పాట. హాల్లో ఆ పాట నడుస్తుండగా రీలు తెగింది. ఆపరేటరు అతికించి మళ్ళీ వేశాడు గాని, మధ్యలో ఒక ముక్క పోయింది. వాయిద్యం అందుకున్న పాట హఠాత్తుగా రెండో చరణంలోకి పడింది. కృపావరం మర్నాడు మళ్ళీ పోయి చూసింది. పోయిన ముక్క పోయినట్టే ఉంది. ఆ శనివారం అవుకులో పెళ్ళి. పాటలో గొయ్యి పెట్టుకుని ఎట్లా వాయిస్తారు? ఆమె ఉల్లిపాయలు తరుక్కుంటూ ఆ గొయ్యిలోకి తన సొంతంగా ఒక ముక్క కట్టింది. మొగుడికీ తమ్ముడికీ చెప్పలేదు. చెప్తే సినిమాలో లేనిది మనమెందుకు వాయించాలి అంటారని ఆమెకు తెలుసు.

అవుకులో ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి మెరవణిలో కుర్రాళ్ళు ఎగిరెగిరి దూకారు. ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఆ పాటే అడిగేవాళ్ళు, ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ వాయించమనేవాళ్ళు. తర్వాత ఎప్పుడో టీ అంగడి రేడియోలో అసలు పాట విని, రేడియోవాళ్ళు ఆ ముక్క మార్చి వేస్తున్నారని సుందరరాజు తేల్చాడు.

ఆ ముక్కే కొంప ముంచింది. అది ట్రంపెట్ మీద వాయించాలని సుందరరాజు అన్నాడు. కాదు, క్లారినెట్టేనని మత్తయి అన్నాడు. రెండేళ్ళు ఒక పెళ్ళికి ఇతనూ, ఒక పెళ్ళికి అతనూ వాయించారు. డెబ్బై ఎనిమిదిలో ప్యాపిలిలో ఒక పెళ్ళి. ఆ రోజు ఎవరి వంతో ఇద్దరూ మరిచిపోయారు. ముక్క రాగానే ఇద్దరూ ఒకేసారి అందుకున్నారు. ఇద్దరూ వదల్లేదు. ముక్క అయిపోతే ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు జీపు కదలడం లేదు. చివరికి డ్రమ్ము వాయించే పౌలు చెయ్యి నొప్పి పుట్టి ఆపేస్తేగాని వాళ్ళు ఆగలేదు. బ్యాండువాళ్ళకు తిండి ఎప్పటిలాగే దూరంగా గొడ్ల కొట్టంలో పెట్టారు, ఆ కొట్టంలోనూ బావా బామ్మర్దులు చెరొక మూల కూర్చున్నారని పౌలు తర్వాత నాకు చెప్పాడు. వేరువేరు బస్సుల్లో ఇంటికొచ్చారు.

మత్తయి ఐదుగురిని తీసుకుని ఆళ్ళగడ్డ పోయాడు. ఇంకో ఐదుగురిని పోగేశాడు. ఇక్కడ సుందరరాజూ ఖాళీలు నింపుకున్నాడు. కొత్త డ్రమ్ము కొన్నాడు, దాని మీద కృపావరం బ్యాండు అని రాయించాడు. ప్రభుదాసుతోనే రాయించాడు. అక్షరాలు కూడా ఒకటే. తమ్ముడికి పాటలు చెప్పొద్దని, ఆ ఇంటి గడప తొక్కొద్దని సుందరరాజు కృపావరానికి గట్టిగా చెప్పాడు. ఆమె సరేనంది. మత్తయి బ్యాండులో పాటలు డెబ్బై ఎనిమిది దగ్గరే ఆగిపోయాయి.

మరుసటి ఏడాది దొర్నిపాడులో లక్ష్మీనారాయణ అనే రైతు ఇంట పెళ్ళి. పెళ్ళికొడుకు వైపువాళ్ళు నంద్యాలలో తాంబూలమిచ్చి బ్యాండును మాట్లాడుకున్నారు. పెళ్ళికూతురి నాయన లక్ష్మీనారాయణ ఆళ్ళగడ్డలో మాట్లాడుకున్నాడు. "కృపావరం బ్యాండు చెప్పినాం" అని వీళ్ళు కబురు పంపితే, "మేమూ దాన్నే అనుకుంటాండాం" అని వాళ్ళు కబురు పంపారు. రెండు వైపులా సంతోషించారు. పెళ్ళిరోజు ఇరవై రెండు మంది దిగారు. ఎర్ర కోట్లు ఒకటే, కుచ్చుల టోపీలు ఒకటే, డ్రమ్ముల మీద పేరు ఒకటే.

"ఒక బ్యాండు చెప్తే రెండొచ్చినాయి, ఏందప్పా ఇది?" అన్నాడు లక్ష్మీనారాయణ. పెద్దమనిషి, ఎవరినీ వెనక్కి పంపలేదు. జీపు ముందు ఒకటి, వెనక ఒకటి నిలబెట్టాడు. రెండూ ఆ పాటే ఎత్తుకున్నాయి. పెళ్ళికొడుకు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. తెల్లారి లక్ష్మీనారాయణ ఇద్దరినీ పిలిచి, "మీ తగువు కోర్టులో తేల్చుకోండి నాయనా, పెండ్లిండ్లలో గాదు" అన్నాడు. ఆయన ఆ మాట విసుగుతో అన్నాడు. సుందరరాజు దాన్ని సలహాగా తీసుకున్నాడు. ప్రభుత్వమే చెప్తే ఇక తిరుగుండదు కదా అనుకుని ఆళ్ళగడ్డ వచ్చి, మా ప్లీడరు గారి వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దావా వేశాం. కృపావరం నా భార్య, కాబట్టి ఆ పేరు నాది అని సుందరరాజు. పెళ్ళికి ముందు నుంచే ఆమె మా ఇంటి పిల్ల, పేరు పెట్టింది మా నాయన, కాబట్టి నాది అని మత్తయి. ప్లీడరు గారు చెప్తుంటే మా వైపు కాగితం రాసింది నేనే. చేతిరాత బాగుందని మెచ్చుకున్నారు కూడా. రాస్తున్నప్పుడు నాకు కూడా తట్టలేదు, ఆ పేరు గల మనిషి ఒకామె ఉందని.

నెల తిరక్కుండా కోర్టు మధ్యంతర ఆర్డరు ఇచ్చింది. దావా తేలేదాకా ఉభయ పక్షాలూ ఆ పేరును బ్యాండు వ్యాపారంలో వాడరాదు. అంతే. ఆ రోజే నా సైకిలు టైరు పోయింది. సుందరరాజు వసారాలో నిలబడి ఉన్నాడు. ఆర్డరు చేతిలో పెట్టుకుని, "కేసు తేలేదాకా ఇద్దరూ ఆ పేరు వాడకూడదు, పో" అన్నాను.

"యాడా వాడగూడదా సుబ్బయ్యన్నా?"

"వాడగూడదు."

"ఇంట్లో?"

నాకు ఒళ్ళు మండింది. "ఇంట్లో లేదు, బయట లేదు. యాడా వాడొద్దు. వాడితే జైల్లో పెడతారు, పో" అన్నాను.

ఆయన నాకు దణ్ణం పెట్టి, నంద్యాల బస్సెక్కాడు. నేను పోయి అన్నం తిన్నాను.

రెండు బ్యాండ్లూ డ్రమ్ముల మీద పేరుకు గుడ్డ కట్టాయి. పల్లెల్లో వాళ్ళను ముసుగు బ్యాండ్లు అనడం మొదలుపెట్టారు. ముసుగు బ్యాండు కావాలంటే, ఏ ముసుగు అని అడగాల్సి వచ్చేది. ఇదంతా నాకు తెలుసు, నవ్వుకున్నాను కూడా. చర్చి వెనక వీధిలో, సుందరరాజు ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం తెలియదు. వాయిదా వాయిదాకూ సుందరరాజు వచ్చేవాడు, నిలబడేవాడు, పోయేవాడు. ఒక్కసారీ చెప్పలేదు.

ఎనభై మూడులో ఒక పొద్దున, సన్నగా, నల్లగా, నలభై దాటిన ఆడమనిషి ఒకామె మా వసారా మెట్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో గుడ్డసంచి.

"సుబ్బయ్యన్న నువ్వేనా?"

"నేనే. ఎవరమ్మా నువ్వు?"

ఆమె అటూ ఇటూ చూసింది. "నంద్యాల సుందరరాజు పెండ్లాన్ని" అంది.

కూర్చోమన్నాను. మెట్టు మీదే కూర్చుంది. "ఆ ఆర్డరు మల్లా ఒకసారి చదువుతావా అన్నా?" అని అడిగింది. ఎందుకో తెలియకపోయినా కట్ట విప్పి, తీసి, ముక్క ముక్కకూ తెలుగు చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక, "ఇంట్లో అని యాడుందన్నా అందులో?" అంది.

"ఇంట్లో అని ఎందుకుంటుందమ్మా? వ్యాపారంలో అని కదా రాసింది."

"నువ్వు చెప్పినావంట గదా, ఇంట్లో గూడా వద్దని. జైలంటివంట."

నాకు టైరు గుర్తొచ్చింది.

ఆ రోజు ఆమె చెప్పింది విన్నాను. మొగుడు ఇంటికొచ్చి తలుపేసి, ఆర్డరు సంగతి చెప్పాడు. అప్పటి నుంచి "మే" అని పిలుస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొచ్చి, "కోర్టులో ఉండాది, అనగాకండి" అంటాడు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత, ఎందుకొచ్చిన గొడవలే అని మానేశారు. చర్చిలో స్త్రీల సమాజం పేర్లు చదువుతుంటే సుందరరాజు లేచి నిలబడి ఆమె పేరు దగ్గర ఆపించాడు. సంఘపెద్ద కూడా కేసులంటే భయపడే మనిషే. ఆమె పేరు వదిలేసి, "తర్వాతి ఆమె" అని చదివాడు. పక్కింటి లూదియా ఒక్కతే కొన్నాళ్ళు పేరు పెట్టి పిలిచింది, ఆమె కూడా ప్యాపిలికి కాపురం మారిపోయింది. కూతురు ఎస్తేరు అమ్మా అంటుంది. అక్కా అనే తమ్ముడితో మాటల్లేవు.

"నాయన పెట్టిన పేరన్నా. నాయన పోయినాడు. ఇంగెవురూ పిల్చకపోతే నాకే గుర్తుండదేమో అనిపిస్తాంది" అంది. ఏడవలేదు. సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి బల్ల మీద పెట్టింది, ఆర్డరు చదివినందుకు. నాకు ఆ కాయలను చూస్తే సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను.

తర్వాతి వాయిదాకు సుందరరాజు వచ్చినప్పుడు, నా తప్పేనని, ఇంట్లో పిలుచుకోవచ్చని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఆ పొద్దు జైలంటివి. ఈ పొద్దు కాదంటాండావు. నీ మాట మీద నేను పిలిచి, రేపు పోలీసులొస్తే? కోర్టోళ్ళు చెప్పనీలేన్నా" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. భయం పెట్టడానికి నా మాట చాలింది గాని, తీయడానికి చాలలేదు.

ఆమెను సాక్షిగా పిలిపిద్దామని మా ప్లీడరు గారిని అడిగాను. ఆమె తమ్ముడి వైపు చెప్తే కొంప మునుగుతుందన్నారు. మత్తయి ప్లీడరు గుమాస్తాను అడిగాను. మొగుడి వైపు చెప్తుందని వాళ్ళకు భయం. నేను గుమాస్తాను. అంతకుమించి నా చేతుల్లో ఏమీ లేదు.

ఎనభై నాలుగులో కొత్త జడ్జి గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి. ఇన్నేళ్ళు బ్యాండు గురించి దావా నడుస్తున్నా, ఆ బ్యాండు ఎట్లా ఉంటుందో ఎవరూ వినలేదా అని ఆశ్చర్యపోయారు. జనం రెండింటికీ తేడా కనిపెట్టగలరో లేదో చూడాలని, రెండు బ్యాండ్లనూ కోర్టు ఆవరణకు రమ్మన్నారు.

వచ్చారు. ఎర్ర కోట్లు, కుచ్చుల టోపీలు, డ్రమ్ముల మీద గుడ్డలు. కోర్టు పని మీద వచ్చిన జనమంతా గుమిగూడారు. రోడ్డున పోయే ముసలాయన ఒకడు పెళ్ళి ఎవరిదని అడిగాడు. మొదట సుందరరాజు బ్యాండు ఆ పాట వాయించింది. తర్వాత మత్తయి బ్యాండు అదే పాట వాయించింది. జడ్జి గారు వరండాలో కుర్చీ వేసుకుని, వేళ్ళతో తాళం వేస్తూ విన్నారు. మధ్యలో ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. రెండోసారీ అక్కడే ఆగింది.

"ఈ పాట నాకు బాగా తెలుసు. ఈ మధ్యలో వాయించిన ముక్క ఇందులో లేదే. ఎక్కడిది?" అని అడిగారు.

"సినిమాలో ఉండాది సార్" అన్నాడు సుందరరాజు.

"ఉండాది సార్" అన్నాడు మత్తయి. ఆరేళ్ళలో వాళ్ళిద్దరూ ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

"సినిమా మీరు చూశారా?"

ఇద్దరూ చూడలేదు. ఎవరు చూశారని అడిగారు. సుందరరాజు మాట్లాడలేదు, పేరు చెప్పకూడదు కదా. మత్తయి, "మా అక్క సార్" అన్నాడు. ఆ అక్క ఎవరని జడ్జి గారు కాగితాలు తిరగేసి చూశారు. తర్వాత ఆమెను కోర్టు తరఫునే సాక్షిగా పిలిపించమన్నారు.

వాయిదా రోజు ఆమె ఎస్తేరుతో కలిసి వచ్చి, ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుంది. సాక్షిని పిలవడానికి ఒక పద్ధతి ఉంది. బంట్రోతు వాకిట్లోకొచ్చి, గొంతెత్తి మూడుసార్లు పేరు పిలుస్తాడు. పలక్కపోతే రాలేదని రాసుకుంటారు. మా బంట్రోతు మస్తాను గొంతు సుందరరాజు ట్రంపెట్‌కు తీసిపోదు.

"కృపావరం" అని పిలిచాడు.

ఆమె లేవలేదు.

"కృపావరం."

నేను చెట్టు దగ్గరికి పోయి, "లేమ్మా, పిలుస్తాండారు" అన్నాను. ఆమె నావైపు చూడకుండా, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

మూడోసారి పిలిచాక లేచి, చీర సర్దుకుని, లోపలికి నడిచింది.

బోనులో ఆమె పేరు అడిగారు. "కృపావరం" అంది. వెనక నిలబడి ఉన్న సుందరరాజు, జడ్జి గారికి కోపమొచ్చిందేమోనని భయంగా చూశాడు. రాలేదు.

ఆ ముక్క సంగతి అడిగారు. రీలు తెగడం, గొయ్యి, ఉల్లిపాయలు అన్నీ చెప్పింది. బావా బామ్మర్దులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండేళ్ళు కొట్లాడి, ఆరేళ్ళు విడిపోయి ఉన్నది దేనికో వాళ్ళకు అప్పుడు తెలిసింది.

"అది ట్రంపెట్ కోసం కట్టావా, క్లారినెట్ కోసమా?" అన్నారు జడ్జి గారు.

"దేనికీ కాదు సార్. వంట చేస్తా నోటికొచ్చింది కట్టినా."

"సరే. ఈ బ్యాండు పేరు ఎవరికి చెందాలంటావు?"

ప్లీడర్లు ఇద్దరూ ముందుకు వంగారు. ఆమె మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది. "ఇద్దురూ పెట్టుకోనీ సార్. పేరు అరిగిపోదు. నన్ను గూడా దాంతో పిలిస్తే చాలు" అంది.

జడ్జి గారికి అర్థం కాలేదు. ఇంట్లో పిలవొచ్చని కూడా రాస్తారా అని ఆమె అడిగింది. అది మరీ అర్థం కాలేదు. మా ప్లీడరు గారు పైకప్పు చూస్తున్నారు. గుమాస్తా కోర్టులో నోరు విప్పకూడదు. నేను లేచాను. "తప్పు నాది సార్. ఆర్డరులో లేనిది చెప్పినాను" అని అంతా చెప్పాను. సైకిలు టైరు సంగతి చెప్పలేదు.

జడ్జి గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. స్టెనోను పిలిచి తీర్పు రాయించారు. పేరు ఆమెది, ఆమె అనుమతితో ఉభయులూ వాడుకోవచ్చు, పాత ఆర్డరు రద్దు. చివర ఇంకో వాక్యం కలిపించారు. ఆమెను ఆమె పేరుతో ఇంటా బయటా ఎవరైనా పిలవడానికి ఈ కోర్టు ఏనాడూ అడ్డు చెప్పలేదు, ఇకమీదటా చెప్పదు. అట్లాంటి వాక్యం ఏ తీర్పులోనూ నేను చూడలేదు.

బయట మత్తయి అక్క దగ్గరికొచ్చాడు. ఆరేళ్ళ తర్వాత. "ఆ ముక్క నువ్వు కట్టిందాక్కా?" అన్నాడు. "ఊ" అంది. "బాగుండాదక్కా" అన్నాడు. తినిపోదువు రమ్మని ఆమెను ఇంటికి తీసుకుపోయాడు. వాళ్ళ వెనక సుందరరాజు ఎస్తేరు చెయ్యి పట్టుకుని నడిచాడు, గడప దగ్గర ఒక నిమిషం ఆగి లోపలికి పోయాడు.

అయినా ఆయన ఆమెను పిలవలేదు. తీర్పు నకలు కాగితం చేతికి రాలేదు కదా. దానికి పన్నెండు రోజులు పట్టింది. అది రాగానే ఎవరూ చెప్పకుండానే నేను నంద్యాల బస్సెక్కాను.

ఆదివారం. చర్చి నుంచి వచ్చి ఉన్నారు. సుందరరాజు నాకు కుర్చీ వేసి, తాను నిలబడ్డాడు. ప్రభుత్వ కాగితం చదువుతుంటే కూర్చోడు. మొదటి నుంచి చివరిదాకా తెలుగు చెప్పాను, మాట కలపలేదు, మాట తీయలేదు. చివరి వాక్యం మళ్ళీ చదవమన్నాడు. చదివాను. కోర్టు ముద్ర ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను.

గొంతు సవరించుకుని వంటింటి వైపు తిరిగాడు.

"కృపావరమూ" అన్నాడు. ట్రంపెట్ ఊదే మనిషి గొంతులా లేదు.

లోపల రోలు చప్పుడు ఆగింది. ఎవరూ రాలేదు.

"కృపావరమూ."

రాలేదు. ఆయన నావైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. మూడోసారి కాస్త గట్టిగా పిలిచాడు. అప్పుడు ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏంది?"

"ఏం ల్యా. ఊరికే పిలిచినా" అన్నాడు సుందరరాజు.

"రెండుసార్లు పిలిస్తే వినపడలేదామ్మా?" అన్నాను నేను.

"మొదటిసారే వినపడింది సుబ్బయ్యన్నా" అంది. "నిలబడి వింటాంటి."